పోశవ్వ చెలకలో జానెడు తేడా

పోయిన ఏడాది కరీంనగర్‌లో నాకు శాలువా కప్పారు. వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ‘ప్రపంచమంతా వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టిన మన సర్వేయర్’ అని రాయించారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది. ఇప్పటికీ బజార్లో ఎవరైనా కనబడితే ఆ మాటే ఎత్తుతారు.

ఆ తప్పు పట్టింది నేను కాదు. నాకంటే తొమ్మిదేళ్ళ ముందే పట్టినవాడు ఒకడున్నాడు. అతను అబద్ధం చెబుతున్నాడని రాసి శిక్ష వేయించింది మాత్రం నేనే.

సర్వే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. ప్రమోషన్లు, బదిలీలు ఎవరికైనా ఉండేవే. ముప్పై మూడేళ్ళలో నాకు నిజంగా బుద్ధి చెప్పిన సంగతి ఇదొక్కటే. అది కూడా ఉద్యోగం అయిపోయాక చెప్పింది.

గొలుసు పట్టేవాడు

మా పనిలో ఒక సర్వేయరు, ఒక చైన్‌మన్ ఉంటారు. సర్వేయరు కాగితం మీద రాస్తాడు. చైన్‌మన్ ముళ్ళల్లో, బురదలో నడిచి గొలుసు లాగుతాడు. ఇప్పుడు గొలుసు పోయి టేపు వచ్చింది గానీ పేరు అదే ఉండిపోయింది. కాగితం మీద రాసేవాడు పెద్దవాడు, నడిచేవాడు చిన్నవాడు. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలియదు కానీ నేను దాన్ని బాగానే వాడుకున్నాను.

నాతో ఎక్కువ కాలం పనిచేసిన చైన్‌మన్ పేరు లస్మయ్య. చొప్పదండి దగ్గర ఊరు, నేతపని చేసే ఇల్లు. వయసులో నాకంటే ఆరేళ్ళు పెద్ద. అయినా నేను ‘నువ్వు’ అనేవాణ్ణి, అతను ‘సార్’ అనేవాడు. టేపు పట్టకముందే ఒక గట్టును చూసి ‘నాలుగున్నర మీటర్లుంటది సార్’ అంటే నాలుగున్నరే ఉండేది. ఎలా చెబుతున్నావని ఒకసారి అడిగాను.

“చిన్నప్పుడు మగ్గం మీద పన్నా, గదే బట్ట వెడల్పు, తప్పితె మా బాపు చేతి మీద ఒక్కటి ఏసేటోడు సార్. గప్పటిసంది కన్ను తప్పది” అన్నాడు.

నా మొదటి పై అధికారి ఆదిలాబాద్ వైపు పనిచేసిన ముసలాయన. కొలత అయ్యాక చైన్‌మన్ చేత అందరి ముందు అంకె గట్టిగా చెప్పించేవాడు. ఆ తర్వాతే రాసేవాడు. “నేలకు దగ్గర ఉన్నోడు వాడు. మొదలు వాని మాట ఇను” అనేవాడు. నేను తలూపాను. పెన్ను నా చేతికి వచ్చాక మరిచిపోయాను.

కంప్యూటర్ సార్

ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరాలు వచ్చాయి. హద్దురాయి మీద పరికరం నిలబెడితే ఆ రాయి భూమి మీద ఎక్కడుందో రెండు సంఖ్యల్లో చెబుతుంది. ఒకటి భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి ఎన్ని మీటర్లు, రెండోది తూర్పు వైపు ఎన్ని మీటర్లు. ఆ సంఖ్యల నుంచి ఏ రైతుకు ఎన్ని గుంటలో (నలభై గుంటలు ఒక ఎకరం) లెక్క కట్టడానికి సాఫ్ట్‌వేర్ కావాలి.

ఆఫీసులో కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనే. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక గణిత సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌లో వెతికి పట్టాను. దాన్ని దేశదేశాల వాళ్ళు కలిసి, జీతం లేకుండా రాస్తారు. లోపల ఎలా రాశారో ఎవరైనా తెరిచి చూడొచ్చు, సరిదిద్దొచ్చు. నేను తెరిచి చూడలేదు. చొప్పదండి వైపు ఒక ఊళ్ళో పరీక్షించాను. లస్మయ్య టేపు చెప్పిందీ సాఫ్ట్‌వేర్ చెప్పిందీ, మాకు అనుమతించిన తేడా లోపలే వచ్చాయి. మా పెద్దసారు మీటింగులో నా పేరెత్తి మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి అందరూ నన్ను ‘కంప్యూటర్ సార్’ అన్నారు. ఆ పిలుపు నాకు నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఒక మాట అంటే నన్నే అన్నట్టు ఉండేది.

ఖానాపూర్ అవతల

రెండు జిల్లాల నుంచి మనుషులను ఏరి ఒక బృందం చేసి, ఖానాపూర్ అవతల ఒక ఊరి భూములను కొత్త పద్ధతిలో కొలవమన్నారు. నేను, లస్మయ్య వెళ్ళాం. ఉన్న గట్లను పరికరంతో గుర్తించి, సాఫ్ట్‌వేర్‌తో నక్షా, అంటే హద్దుల పటం, తీసి, ఆ నక్షా ప్రకారం కొత్త హద్దురాళ్ళు పాతించాం.

అక్కడ పోశవ్వ అనే ఆమెకు ఒక సన్నటి చెలక, అంటే మెట్ట చేను, ఉంది. మొగుడు పోయాక పాలివాళ్ళు పంచి ఇచ్చిన వాటా. తూర్పు నుంచి పడమరకు మూడు వందల మీటర్ల పొడవు, వెడల్పు చూస్తే ఎద్దులబండి తిప్పడానికి కూడా చాలదు. ఉత్తరపు గట్టును ఆనుకుని బోరు వేయించుకుంది. ఆ గట్టు అవతలి చెలక గంగారాం అనే రైతుది.

రాళ్ళు పాతిన రెండో రోజు పోశవ్వ పొద్దున్నే వచ్చి మా జీపు ముందు నిలబడింది.

“బిడ్డా, నా బోరు అవతలికి పోయింది. గట్టుకు ఇవతలనే ఏసిన గద నేను. నీ రాయి పైపుకు ఇవతల పడ్డది. ఇగ నేను నీళ్ళెట్ల వెట్టుకోవాలె?”

వెళ్ళి చూశాం. రాయి బెత్తెడుకు కాస్త ఎక్కువే లోపలికి పడింది. లస్మయ్య నేను చెప్పకముందే టేపు తీసి రెండు కొసల్లోనూ కొలిచాడు.

“సార్, నక్షల అయిదు మీటర్ల డెబ్బై అయిదున్నది. నేల మీద ఈమె పాత గట్ల నడుమ ఆరున్నది. ఈ కొసకు ఆరే, ఆ కొసకు ఆరే. దక్షిణం దిక్కు గూడ బెత్తెడు పోయింది. రెండు కలిపి జానెడు.”

“టేపు వదులుగ పట్టినవేమో” అన్నాను.

“ఎంత వదులుగ పట్టినా జానెడు రాదు సార్. మల్ల గుంజిన. ఆరే.”

జానెడే కదా అనిపిస్తుంది. మూడు వందల మీటర్ల పొడవున జానెడు అంటే ముప్పావు గుంట. పదిహేడు గుంటల ముప్పావు ఉండాల్సిన భూమి పదిహేడుకు దిగింది. అన్నిటికంటే ముఖ్యంగా బోరు పోయింది.

ఆ మధ్యాహ్నం పెద్దసారు వచ్చాడు. ఊరంతా అక్కడే ఉంది. ఆయన నన్నే అడిగాడు: “మిషన్ తప్పు చెప్తదా, గొలుసు గుంజెటోడు తప్పు చెప్తడా? నువ్వు చెప్పు.”

నేను కాగితాలు తీసి చూపించాను. “సార్, సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం పాత రికార్డుతో సరిపోయింది. లోపల తప్పుంటే మొత్తం కూడా తప్పాలి గదా.”

లస్మయ్య వెనక నుంచి అన్నాడు. గొంతు పెంచలేదు.

“మొత్తమెట్ల తప్పుతది సార్? ఈమెకు పోయింది పక్కోళ్ళకు చేరింది. ఒక్క బట్టను కోసి ముక్కలు చేసినమనుకోండ్రి. కత్తెర జరంత ఇటు జరిగితె ఒక ముక్క చిన్నగైతది, పక్కది పెద్దగైతది. బట్ట మాత్రం గంతనే ఉంటది.”

జనం “అవు, అవు” అన్నారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు తగిలింది. అతని మాటలో తప్పు ఎక్కడుందని ఆలోచించి ఉంటే లేదని అప్పుడే తెలిసేది. నేను ఆలోచించలేదు.

“నువ్వు నాకు లెక్కలు చెప్పెటోనివైనవా? టేపు చుట్టు” అన్నాను, అందరి ముందు.

లస్మయ్య టేపు చుట్టాడు.

నేను రాసిన రెండు వాక్యాలు

పోశవ్వ పై ఆఫీసుకు దరఖాస్తు పెట్టింది. విచారణ వచ్చింది. నా వివరణ అడిగారు. నేను రాసింది ఇది: ‘చైన్‌మన్ సదరు రైతు పక్షం వహించి కొలతను తప్పుగా ప్రకటించినాడు. గ్రామస్థులలో అపోహ కలుగజేసినాడు.’

ఇది చదివే పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నేను పొరబడి రాయలేదు. లస్మయ్య ఎవరి పక్షమూ వహించడని నాకు తెలుసు. రైతు ఇంట్లో మంచినీళ్ళు కూడా అడగకుండా సీసా వెంట తెచ్చుకునే మనిషి. సాఫ్ట్‌వేర్ తప్పని మాత్రం నాకు తెలియదు, అది నిజమే. కానీ లస్మయ్య మీద రాసినది అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు. ఆ రెండు వాక్యాలు రాస్తే ఫైలు మూతబడుతుంది, నేను తెచ్చిన సాఫ్ట్‌వేర్ మీద మాట రాదు. అందుకే రాశాను.

మెమో అందిన రోజు అతను నా గదికి వచ్చాడు. నన్ను నిలదీయలేదు.

“సార్, ఒక్కపాలి మీరు గుంజుండ్రి టేపు. మీ చేతులతోని. అయిదు డెబ్బై అయిదు వస్తె నేను ఏ శిక్షయినా పడుత” అన్నాడు.

పని ఉందన్నాను.

అతని ఇంక్రిమెంట్ ఆపారు, దూరం బదిలీ చేశారు. పోశవ్వ దగ్గర ఏదో తిన్నాడని వాళ్ళ ఊరిదాకా మాట పోయింది. రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేశాడు. పోశవ్వ దరఖాస్తు కొట్టేశారు. ఆ నక్షా ప్రతి పుట కింద నా సంతకం ఉంది.

నాలుగే అంకెలు

రిటైరయ్యాక కరీంనగర్‌లో సర్వే నేర్చుకునే పిల్లలకు వారానికి రెండు క్లాసులు చెబుతున్నాను. చేత్తో విస్తీర్ణం కట్టడం నేర్పించాలని ఒక లెక్క తయారుచేయబోయాను. పాత లాప్‌టాప్‌లో ఖానాపూర్ వైపు ఊరి అసలు రీడింగులు, అంటే పరికరం ఇచ్చిన సంఖ్యలు, అలాగే ఉన్నాయి. సన్న చెలక అయితే లెక్క చిన్నగా ఉంటుందని పోశవ్వదే తీసుకున్నాను. ఎందుకు దాన్నే తీసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. మరిచిపోయాననే అనుకున్నాను.

ఒక మూల రాయిని సున్నాగా పెట్టుకుని, మిగతావి దాని నుంచి ఎంత దూరమో తీసి, చేత్తో కట్టాను. పదిహేడు గుంటల ముప్పావు వచ్చింది.

మళ్ళీ కట్టాను. అదే వచ్చింది. మూడోసారి కూడా అదే. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జాబితా తెరిచి పరికరం జాబితా పక్కన పెట్టి చూశాను. ఉత్తరపు సంఖ్యల్లో చుక్క తర్వాత ఏమున్నాయో మొదటిసారి చదివాను. సున్నా సున్నా. ఇరవై ఐదు. యాభై. డెబ్బై ఐదు. మళ్ళీ సున్నా సున్నా. ఊరంతా అంతే. వందల రాళ్ళు, అన్నీ సరిగ్గా పావు మీటరు మెట్ల మీదే నిలబడి ఉన్నాయి. ఏ ఊళ్ళో అయినా గట్లు అలా ఉంటాయా? ఎవరు చూసినా పట్టేసేవాళ్ళు. నేను సంతకం పెట్టాను కానీ చదవలేదు.

కారణం వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ సంఖ్యలను దాచుకునే గదులు రెండు రకాలు, చిన్నవి, పెద్దవి. చిన్న గదిలో సుమారు ఏడు అంకెలే పడతాయి. మన ప్రాంతంలో ఉత్తరపు సంఖ్య ఇరవై లక్షలు దాటి ఉంటుంది, అంటే చుక్కకు ముందే ఏడంకెలు. చుక్క తర్వాత పావు మీటరు మెట్లకు తప్ప ఇక చోటు లేదు. పరికరం ఇచ్చిన ఫైలును చదివే చోట, రాసినవాళ్ళలో ఎవరో చిన్న గది వాడారు. తూర్పు సంఖ్య ఆరంకెలదే కాబట్టి దానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. అందుకే తూర్పు పడమరలుగా సాగే సన్న చెలకలకే నష్టం. అంటే అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా మిగిలిన చిన్న రైతుల భూములకే.

ఇంకొకటి కూడా ఉంది. ఇరవై లక్షల తొంభై ఏడు వేల మీటర్లు దాటగానే ఆ మెట్టు రెట్టింపవుతుంది. ఆ గీతకు దక్షిణాన అర్ధపావు, ఉత్తరాన పావు. చొప్పదండి గీతకు ఇవతల, ఖానాపూర్ అవతల. నేను ఇవతల పరీక్షించి అవతల సంతకం పెట్టాను.

ధన్యవాదాలు

ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు తప్పు తెలియజేయడానికి ఇంటర్నెట్‌లో ఒక చోటుంది. అక్కడ రాశాను. సరిదిద్దే పని కూడా నేనే చేస్తానన్నాను. మొదట పంపిన సవరణలో విస్తీర్ణం కట్టే చోట చిన్న గది తీసి పెద్ద గది పెట్టాను. దాన్ని పరిశీలించింది ఒక గణితం టీచరు, ఏ దేశమో నాకు తెలియదు. ‘చదివేటప్పుడే పోయిన అంకెలు తర్వాత పెద్ద గదిలో వేసినా తిరిగి రావు’ అని రాసింది. నిజమే. రెండోసారి, చదివే చోటే పెద్ద గది పెట్టి, విస్తీర్ణం కట్టేముందు ఒక మూల రాయిని సున్నా చేసుకునేలా మార్చాను. పోశవ్వ చెలక కొలతలనే పరీక్షగా జత చేశాను. సరిగ్గా వచ్చింది.

అప్పుడు వాళ్ళలో పాతవాడొకడు అడ్డం తిరిగాడు. ‘మొత్తం విస్తీర్ణం సరిగ్గానే వస్తోంది కదా. లోపల నిజంగా తప్పుంటే మొత్తం కూడా తప్పాలి. ఇన్నేళ్ళుగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం?’ అన్నాడు.

అది నా మాటే. పెద్దసారు ముందు నేను చెప్పినదే. దానికి జవాబు నాకు ఒక్కటే తెలుసు. నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను: ఒక బట్టను కోసి ముక్కలు చేశామనుకోండి, కత్తెర కాస్త ఇటు జరిగితే...

ఆ పాతవాడు ఒప్పుకున్నాడు. టీచరు సంబరపడి రాసింది: ‘దీన్ని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. ఈ పోలిక మీదేనా?’

నేను ‘ధన్యవాదాలు’ అని రాశాను. అంతకు మించి ఒక్క మాట రాయలేదు. నా సర్వీసులో రాసిన రెండు అబద్ధపు వాక్యాలు పైన చెప్పాను. ఇది మూడోది. ఒక్క పదమే, అందులో అబద్ధం కూడా పైకి కనిపించదు.

సవరణ చేరింది. మార్పుల జాబితాలో తప్పు కనిపెట్టినవారు, సరిదిద్దినవారు అని నా పేరే రాశారు. శాలువా దానికే.

ఆ సభలో వెనక వరసలోంచి నా విద్యార్థిని ఒకమ్మాయి లేచింది. “సార్, సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మంచిగైంది. మరి ఇంతకుముందు దాంతోని కొలిచిన భూముల సంగతేంది?”

“తేడా శానా తక్కువుంటదమ్మా. పరిమితి లోపలనే” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కొట్టలేదు. కూర్చుని ఏదో రాసుకుంది.

మర్నాడు పొద్దున బస్సెక్కాను.

కొండగట్టు కింద

లస్మయ్య కొండగట్టు కింద, బస్సులు ఆగే చోట, కొబ్బరికాయల దుకాణం పెట్టుకున్నాడని విన్నాను. వెతకాల్సిన పని పడలేదు. నన్ను దూరం నుంచే చూసి లేచి స్టూలు తుడిచాడు.

“పేపర్ల చూసిన సార్. ఫోటో మంచిగొచ్చింది” అన్నాడు.

దెప్పిపొడుపు కాదు. అందుకే ఇంకా కష్టమైంది. దారిపొడవునా అల్లుకున్న మాటలన్నీ పోయాయి. “నీ టేపు కరెక్టే లస్మన్నా. ఆరే. మిషనే తప్పు. నేను నీ మీద రాసింది అబద్ధం” అన్నాను. అతన్ని అన్నా అనడం అదే మొదటిసారి.

ఇద్దరు భక్తులు వస్తే అతను కాయలు ఇచ్చి పంపాడు. తర్వాత, “అసలు మిషన్ల ఏమైంది సార్?” అని అడిగాడు.

గదుల సంగతి, గీత సంగతి చెప్పాను. నేను నాలుగు రోజులు పట్టి అర్థం చేసుకున్నది అతనికి అయిదు నిమిషాల్లో అందింది.

“అంటె మా చొప్పదండి దిక్కు సగమే తప్పింది. గందుకే గక్కడ కలిసింది” అన్నాడు. తర్వాత, “తొమ్మిదేండ్లల్ల నేనే తప్పు గుంజిన్నేమో అని శానసార్లు అనుకున్న సార్. ఇంటి ముంగట రెండు మేకులు కొట్టి, టేపు పెట్టి, ఎన్నిసార్లు గుంజి చూసుకున్ననో. మా ఇంటామె నవ్వేది” అన్నాడు.

ఇది నేను ఊహించలేదు. అతని ఉద్యోగం, పరువు పోయాయని తెలుసు. తన చేతుల మీద, కళ్ళ మీద అతనికున్న నమ్మకాన్ని కూడా తీసేశానని తెలియదు.

“పోశవ్వకు చెప్పిండ్రా?” అన్నాడు.

“ఇంకా లేదు.”

“మొదలు నా తానికెందుకొచ్చిండ్రు? నేనైతె తిట్టననా?”

అదే కారణం.

“రేపు పోదాం పాండ్రి. నేనొస్త” అన్నాడు.

కాగితం

పోశవ్వ ఇంటి ముందర కూర్చుని బీడీలు చుడుతోంది. లస్మయ్యను వెంటనే గుర్తుపట్టింది, నన్ను పట్టలేదు. అతనే చెప్పాడు, అప్పుడు ఆ నక్షా తీసిన సారు ఈయనేనని. నేను మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“రాయి పడ్డంక గంగారాం బోరు ముట్టనియ్యలే. రెండేండ్లు వానలకే ఏసిన, ఎండిపోయింది. మోటరు అమ్ముకున్న. చెలక పడావుంచిన, ఏం ఏస్తలేను. గప్పటిసంది గివే బీడీలు” అంది. తర్వాత నన్ను చూసింది. “మిషన్ల తప్పు పోయిందంటున్నవు. మంచిదే. నా కాయితంల తప్పు ఎవలు తీస్తరు?”

సాఫ్ట్‌వేర్ సరిచేసినందుకు ప్రపంచంలో ఎవరెవరో నన్ను మెచ్చుకున్నారు. ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆ వారమే ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చాను: నక్షా తప్పు, సంతకం నాది, చైన్‌మన్ చెప్పిన కొలత ఒప్పు, అతని మీద నేను రాసినది అసత్యం. ఆ సాఫ్ట్‌వేర్‌తో గీతకు ఉత్తరాన కొలిచిన ఇంకో మూడు ఊళ్ళ పేర్లు కూడా ఇచ్చాను. ఇప్పుడున్న అధికారి మంచివాడే గానీ, “రిటైరైనంక ఎందుకు సార్ మీకు గీ పరేషాన్?” అన్నాడు. ఎనిమిది నెలలు తిరిగాను. చివరికి మళ్ళీ కొలవడానికి ఒక అమ్మాయిని పంపారు, కొత్త సర్వేయరు. గంగారాం గొడవ చేయలేదు. “రాయి నేను పాతుకోలే సారూ. మీరే పాతిండ్రు, మీరే తీయుండ్రి” అన్నాడు. రాయి వెనక్కి వెళ్ళింది.

టీచరుకు కూడా రాశాను, పోలిక నాది కాదని, తప్పు మొదట పట్టింది నేను కాదని. విడుదలైన జాబితా మార్చలేమని, తర్వాతి దానిలో లస్మయ్య పేరు చేరుస్తామని రాసింది. చేర్చారు. నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ తర్వాత ఆమె ఉత్తరాలు పొడి పొడిగా ఉన్నాయి. లస్మయ్య సర్వీసు రిజిస్టరులో మాత్రం నా రెండు వాక్యాలు అలాగే ఉన్నాయి. సర్వీసు నుంచి వెళ్ళిపోయినవాళ్ళ పుటలు దిద్దే వీలు లేదట. మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. నాలుగోది పెడతాను. ఆ మూడు ఊళ్ళ సంగతి ఇంకా తేలలేదు. కంప్యూటర్‌లో తప్పు దిద్దడానికి నాకు నెల పట్టింది. కాగితం మీద, మనుషుల మీద పడినది నా జీవితకాలంలో పూర్తవుతుందో లేదో.

కొత్త కాగితం వచ్చిన రోజు నేనూ లస్మయ్యా ఖానాపూర్ అవతలి ఆ ఊరికి వెళ్ళి పోశవ్వకు ఇచ్చాం. ఎన్ని గుంటలో లస్మయ్య వేలు పెట్టి చూపించాడు. ఆమె కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుంది. నేను చేతులు జోడించాను. ఆమె లోపలికి వెళ్ళి లస్మయ్యకు చాయ్ తెచ్చింది. నాకు తేలేదు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చాలా దూరం వచ్చేశాక లస్మయ్య అన్నాడు:

“‘కానీ తియ్ సార్, అయ్యిందేదో అయ్యింది’ అంటనని చూస్తున్నరు గద?”

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

“నేనన సార్. జర బాధపడుండ్రి. బాధపడ్తెనే మంచిగుంటది” అన్నాడు. తర్వాత తన సంచీ నా కాళ్ళకు అడ్డం కాకుండా తన వైపుకు జరుపుకున్నాడు.